ఎండ వేసిన వన్నె

రథసప్తమినాడు వేకువజామున వైనతేయలోనో వసిష్ఠలోనో దిగి, తలపైనను భుజములపైనను జిల్లేడాకులుంచుకొని స్నానమాడి, వాకిట పిడకలపొయ్యిమీద పాలు పొంగించి, చిక్కుడుకాయలకు కొబ్బరియీనెలు గ్రుచ్చి రథముగా కూర్చి, చిక్కుడాకులలో పరమాన్నము సూర్యనారాయణమూర్తికి నివేదించెడి కోనసీమ గృహిణి, ఆ మాఘమాసమునందే పెండ్లికెదిగిన కుమార్తెను వెంటబెట్టుకొని కాకినాడకో రాజమహేంద్రవరమునకో పోయి, ఎండకు కమిలిన ఆ పిల్ల మొగమును లేజరు కాంతిచే తెల్లబరచుడని చర్మవైద్యుని అడుగుట నేడు అరుదైన సంగతి కాదు. ఏ దేవునికి పరమాన్నము పెట్టితిమో ఆ దేవుడు మేనిపై వేసిన వన్నెను ధనమిచ్చి చెరపించుకొనుట ధర్మమేనా యను ప్రశ్న ఇందు దాగియున్నది. దీనిని తేలికగా త్రోసివేయువారు రెండు తెగలవారు. శరీరము తోలుతిత్తియే గదా, దాని రంగెట్లున్న నేమి యని విరాగి పలుకును. నా మొగము నాది, నా సొమ్ము నాది, నడుమ దేవుని ప్రసక్తి యేల యని లౌకికుడు పలుకును. పెండ్లిచూపులలో నల్లనిదని తిరస్కరింపబడిన పిల్ల కన్నీటిని మొదటివాని మాట తుడువజాలదు; ఆ మొగమును చూపించుచున్న వెలుగు తాను సంపాదించినది కాదని రెండవవాడు తలచినవాడే కాడు. వీరిరువురినడుమ నిలిచి ఈ విషయమును ఓపికగా విచారింపవలసియున్నది.

మన ధర్మము శరీరసంస్కారమును నిషేధింపలేదు. తలంటును, నలుగును, పసుపును, చందనమును శుభకార్యములనుండి తీసివేసినచో మన పెండ్లిపందిరిలో మిగులునది స్వల్పము. అయినవిల్లి సిద్ధివినాయకుని దర్శింపబోవు ప్రతి బాలుడును ఎరిగిన కథయే కలదు: పార్వతీదేవి స్నానమునకు ముందు మేన నలచుకొన్న నలుగుపిండిని ముద్దచేసి, దానికి ప్రాణము పోసి, బాలుని గావించి వాకిట కావలియుంచెను. మేని మాలిన్యముతో గూడిన పిండి ప్రథమపూజ్యుడగు దేవుడు కాగలిగిన సంప్రదాయమున మేనిని తీర్చిదిద్దుకొనుట దోషమని యెవడనగలడు? కావున చికిత్సయే పాపమని వాదించుటకు నేను పూనుకొనలేదు. మనము తొలగింపగోరుచున్నది గాయమునా, రంగునా యనునదియు, ఆ కోరిక యెవరి కంటిని తృప్తిపరచుటకు పుట్టినదనునదియు విచార్యములు.

ఇందుకు మన పురాణములలో సంజ్ఞాదేవి కథకంటె చేరువైనది వేరొకటి నాకు కనబడదు. విశ్వకర్మ కూతురగు సంజ్ఞ సూర్యుని వరించి, మనువును, యముని, యమునను కని, భర్త తేజస్సును ఇక భరింపలేక, తనను పోలిన ఛాయను ఇంట నిలిపి, ఆడుగుఱ్ఱము రూపమున అరణ్యమునకేగి తపస్సు చేసికొనుచుండెను. సంగతి తెలిసిన సూర్యుడు ఆమెను తిరిగి తెచ్చుకొన్న తరువాత, ఆమె సహింపగలుగునట్లుగా విశ్వకర్మ ఆయనను సానపైకెక్కించి తేజస్సును తఱిగెననియు, ఆ తఱుగుడు ఎనిమిదవ పాలు మాత్రమేయనియు విష్ణుపురాణము చెప్పుచున్నది. నేలరాలిన ఆ తునుకలే విష్ణువునకు చక్రమును, శివునకు త్రిశూలమును, కుమారస్వామికి శక్తియును అయినవట. ఈ కథ చెప్పిన పౌరాణికుడు సూర్యుని నిందింపలేదు. తాళలేక తొలగిపోయిన సంజ్ఞనుగూడ నిందింపలేదు. వెలుగు దోషము కాదు, వెలుగునకు తాళలేకపోవుటయు దోషము కాదు, కావలసినది పాళము. జగచ్చక్షువగు దేవుడే భార్య సుఖముకొఱకు సానక్రింద తలవంచెను. ఈశావాస్యోపనిషత్తులోని ఋషియు, సత్యమును చూచుటకై, నీ కిరణములను ఉపసంహరింపుమని ఆ సూర్యునే ప్రార్థించెను. తేజస్సును తగ్గింపుమని వేడుకొనుట భక్తికి విరుద్ధమైనచో ఆ ప్రార్థన ఉపనిషత్తులో చోటుచేసికొనియుండదు.

విశ్వకర్మ సాన నేడు వైద్యుని చేతికి వచ్చినది. డెన్మార్కు దేశపు వైద్యుడగు నీల్స్ ఫిన్సెన్, విద్యుద్దీపపు వెలుగునుండి వేడిని నీటిచే వడగట్టి, మిగిలిన కిరణములను స్ఫటికపు కటకములచే కూడబెట్టి, మొగమును తినివేయుచుండిన చర్మక్షయమునకు చికిత్సచేసి 1903లో నోబెల్ బహుమానమును పొందెను. 1960లో అమెరికాయందు థియొడోర్ మైమన్ మొట్టమొదటి లేజరును వెలిగించినది కృత్రిమమైన కెంపుకడ్డీతో. మన జ్యోతిషశాస్త్రమున సూర్యునికి చెప్పబడిన రత్నమును కెంపే యనుట తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒక పులకరింపు కలుగుచుండును. తరువాత 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అను వైద్యులు, ఏ రంగు ఏ కిరణమును త్రాగునో ఆ కిరణమునే యెన్నుకొని, వేడి చుట్టుప్రక్కలకు ప్రాకుటకు ముందే ముగియునంతటి క్షణికముగా ప్రయోగించినచో, మచ్చమాత్రమే నశించి పరిసరచర్మము నిలుచునని నిరూపించిరి. లేజరులో ఒక్క రంగు కిరణమే యుండగా, ఐపీఎల్ అని పిలువబడు పద్ధతిలో జెనాన్ దీపమునుండి వెలువడు వెలుగులో సుమారు 500 మొదలు 1200 నానోమీటర్లవరకు గల పట్టీని ఉంచుకొని, కురుచ కిరణములను వడపోతగాజుచే ఆపివేయుదురు. కన్నులపై కప్పు పెట్టి, చెంపపై చల్లని జిగురుపూసి, యంత్రపు కొనను మచ్చకు ఆనించి మీట నొక్కగనే, మూసిన రెప్పలవెనుకగూడ ఒక తెలుపు మెఱసి, చర్మము చురుక్కుమనును. ఎండవలన పుట్టిన ఆ మచ్చ మొదట మఱింత నల్లబడి, వారము పదిదినములలో సన్నని పొట్టుగా రాలిపోవును. ఎండ చేసిన గాయమును వెలుగే మాన్పుట యీ కాలమున నేను విన్న విద్యలలో మిక్కిలి గంభీరమైనది. దీనిని విలాసమని చులకన చేయుటకు నాకు మనసొప్పదు.

అయితే ఆ వెలుగు వెదకి పట్టుకొనునట్టి నలుపు ఎందుకు పుట్టినది? చర్మపు అడుగుపొరలో మెలనిన్ అను వన్నెను తయారుచేయు కణములు గలవు. ఒక్కొక్క కణము చేతులవంటి శాఖలను చాచి, చుట్టునున్న ముప్పదియాఱు చర్మకణములకు దరిదాపుగా ఆ వన్నెను పంచిపెట్టును. పుచ్చుకొన్న కణము దానిని ఇచ్చవచ్చిన చోట పడవేయదు. తన జీవరహస్యమంతయు దాచుకొన్న కేంద్రమునకు పైభాగమున, సూర్యుడు చూచెడి వైపున, వరిచేలో వంగిన కూలివాని తలపై తాటాకుగొడుగువలె, పేర్చుకొనును. అతినీలలోహిత కిరణము వచ్చి తాకినపుడు ఆ గొడుగు దెబ్బతిని లోపలి సూత్రమును కాచును. ఎండలో తిరిగినవాడు నల్లబడుట యనగా ఆ గొడుగులు దట్టమగుటయే. ఇంకొక సత్యము: ఈ వన్నెకణముల సంఖ్య తెల్లవానికిని నల్లవానికిని ఇంచుమించు సమానమే, భేదమంతయు అవి చేసి పంచెడి రేణువుల పరిమాణమునను, అమరికయందును గలదు. మనుష్యులందఱికిని కావలివారు సమానముగనే యీయబడిరి; ఎవరి కావలివారు ఎంత పనిచేయవలసివచ్చినదన్నదే మనము రంగు అని పిలుచుచున్నది. దీనిని తెలిసికొన్న తరువాత నల్లని చర్మమును చూచి కృతజ్ఞతకు మారుగా సిగ్గుపడుట ఎంతటి అపచారమో పాఠకులే యోచింపవలెను.

ఈ అపచారమునకు యంత్రమునందుగూడ శిక్ష యున్నది. హార్వర్డులోని ఫిట్జ్‌పాట్రిక్ అను వైద్యుడు 1975లో చర్మము ఎండకెట్లు స్పందించునో దానినిబట్టి తరగతులు ఏర్పఱచినపుడు, మొదట లెక్కలోనికి వచ్చినది తెల్లని చర్మములే. గోధుమవన్నె, నల్లవన్నె చర్మములకు అయిదవ, ఆఱవ తరగతులు తరువాత చేర్చబడినవి. ఆ తొలిచూపు యంత్రములలోగూడ చాలకాలము నిలిచినది. తెల్లని చెంపపై ఒంటరిగా నున్న మచ్చను ఐపీఎల్ వెలుగు సులువుగా గుర్తుపట్టును. మొగమంతయు వన్నెతో నిండిన మన చెంపపై అది మచ్చకును మేనికిని భేదమెరుగక అంతటిని కాల్చి, బొబ్బలెక్కించి, మానిన పిదప మునుపటికంటె నల్లని చాఱలను మిగిల్పగలదు. అందుచేత నిపుణులు మనవంటి చర్మమునకు 1064 నానోమీటర్ల లేజరువలె వన్నెను తక్కువగా తాకి లోతునకు పోవు కిరణమును, అదియును మందముగా, ప్రయోగింతురు. మంగు విషయము మఱింత సున్నితమైనది. గర్భిణీస్త్రీల చెక్కిళ్లపై సీతాకోకచిలుక రెక్కల ఆకారమున వచ్చు ఆ మచ్చ వేడికిని, కంటికి కనబడు వెలుగునకునుగూడ రేగును. తొందరపడి లేజరు చేయించినచో కొన్నాళ్లు తగ్గి, ఇనుమడించి తిరిగివచ్చుట కలదు. మంచి వైద్యుడు ముందుగా ఎండకు మఱుగును, పూతమందును, ఓపికను చెప్పి, యంత్రమును కడపటికి ఉంచును. ఎనిమిదవ పాలుకంటె ఎక్కువ తఱుగని విశ్వకర్మ నేర్పు ఇదియే. మఱియొక హెచ్చరిక: ఎంతకును మానని పుండును, అంచులు మారుచు పెరుగుచున్న పుట్టుమచ్చను పరీక్షింపక వెలుగుతో చెరిపివేసినచో, లోపలి వ్యాధి గుర్తుగూడ చెరిగిపోవును.

సూర్యుడు రోగహరుడని మనవారు పలుకుట కేవలము స్తుతి కాదు. కృష్ణుని కుమారుడగు సాంబుడు రూపగర్వముచే శాపము పొంది కుష్ఠరోగియై, చంద్రభాగాతీరమున సూర్యునారాధించి స్వస్థుడయ్యెనని సాంబపురాణము. హర్షచక్రవర్తి కొలువులోని మయూరకవి సూర్యశతకమును రచించి అట్టి వ్యాధినుండియే విముక్తుడయ్యెనని పరంపర. ఈ కథల ప్రక్కనే ఒక ఔషధసత్యము నిలిచియున్నది. బొల్లి మచ్చలకు బావంచాలను నూరి పూసి ఎండలో కూర్చుండుమని ఆయుర్వేదము ఏనాడో విధించెను. ఆ గింజలలోనున్న సోరలిన్ అను పదార్థము కిరణముతో కలిసి వన్నెకణములను మేల్కొల్పునని ఇరువదవ శతాబ్దమున తెలిసినది. నేడు చర్మవైద్యశాలలలో 311 నానోమీటర్ల కిరణముతో చేయబడు బొల్లిచికిత్స ఆ మార్గమునకు వారసురాలే. అంతకంటెను పూర్వమున, అథర్వవేదపు మొదటి కాండమున, మేనిపై పుట్టిన తెల్లమచ్చలను చూచి కలతపడిన ఋషి, రాత్రియందు జనించిన నల్లని ఓషధిని ప్రార్థించి, నీ నలుపును ఈ చర్మమునకు తిరిగియిమ్మని వేడుకొనెను. వేదకాలపు మన పూర్వుడు చర్మముకొఱకు దేవతను వేడినపుడు అడిగినది తెలుపు కాదు, నలుపు. పోయిన వన్నెను రప్పించుటయు, కాలిన మచ్చను మాన్పుటయు ఒక్క వైద్యమునకు రెండు చేతులు. స్వభావముగానున్న వన్నెను ద్వేషించి పెరికివేయబూనుట వైద్యమే కాదు.

కొత్తపేట సమీపమున మందపల్లిలో శనిత్రయోదశినాడు జనము తిరునాళ్లవలె చేరుదురు. ఛాయాదేవికి సూర్యుని వలన పుట్టిన నల్లనివాడగు శని, రాక్షసులను సంహరించి ఇక్కడ లింగమును ప్రతిష్ఠించెనని స్థలపురాణము. నువ్వులనూనె ధారలుగట్టి ఆ మందేశ్వరునిపై పడుచుండును. నల్లని వస్త్రము, నల్లని నువ్వులు దానమిచ్చి, నల్లనివాని యనుగ్రహమునకై శ్రీమంతుడును, కూలివాడును ఒక్క వరుసలో నిలుచుందురు. రాముని నీలమేఘశ్యాముడని కొలుతుము, కృష్ణుని నల్లనయ్య యని ముద్దుగా పిలుతుము, నలుపు నారాయణ మెచ్చునని సామెతగూడ చెప్పుకొందుము. ఇంటికి వచ్చి కోడలి రంగు తూచుదుము. దేవుని నలుపునకు నూనెపోసి, బిడ్డ నలుపునకు నిందపోయుట భక్తిలోని చీలిక. ఈ చీలికలోనుండియే విపణి పుట్టినది. 1975లో మన దేశమున వెలసిన తెల్లదనపు లేపనము తన పేరులోని తెలుపును 2020లో మాత్రమే విడిచినది. అంతకంటె ప్రమాదకరమైనవి, వైద్యుని చీటిలేకయే మందులదుకాణములలో దొరకుచున్న స్టెరాయిడు లేపనములు. నెలలతరబడి పూసినచో చర్మము పలుచబడి, ఎఱ్ఱని నరములు పైకితేలి, మొగమున మొటిమలును నూనూగురోమములును పుట్టి, ఉదయపుటెండనుగూడ సహింపలేని మంట కలుగును. తెలుపుకొఱకు బయలుదేరిన పిల్ల సంజ్ఞవలె సూర్యుని ఎదుట నిలువలేని స్థితికి వచ్చును. ఆ పిల్లకు విశ్వకర్మవంటి తండ్రి లేడు. రాజోలు, మలికిపురము ప్రాంతములనుండి కువైట్‌కును మస్కట్‌కును పోయి పరులయిండ్లలో పనిచేయుచున్న తల్లుల స్వేదము ఇట్టి లేపనములకును, అరకొర చదువు చదివినవారి లేజరులకును వ్యయమగునేని, ఆ దోషము పిల్లది కాదు. రంగడిగి సంబంధములు మాటలాడుచున్న మన పెద్దలదే.

ఇంతవరకు చెప్పినది చికిత్సకు పోగలిగినవారి మాట. కోనసీమలో ఎండను నిజముగా మోయుచున్నవారు వేరు. సార్వా ఊడ్పులలో నడుము వంచిన స్త్రీకి పైనుండి ఒక ఎండయు, చేనినీటినుండి మఱియొక ఎండయు తగులును. మబ్బుపట్టిన దినమునగూడ అతినీలలోహిత కిరణము చాలభాగము దిగుచునే యుండును. అట్టి స్త్రీ గాజులను పైకి జరిపినచో క్రింద ఒక వ్రేలెడు వెడల్పున ఆమె పుట్టుకనాటి వన్నె కనబడును. తక్కిన చేయంతయు మన అన్నమునకై ఎండకు ఇచ్చిన వెల. దాళ్వా కోతలలోని పురుషుని మెడవెనుక చర్మము గీతలుపడి తోలువలె బిరుసెక్కియుండును. కొబ్బరిదింపు కార్మికుడు మనకు నీడనిచ్చెడి చెట్టు తలపైకెక్కి, నీడలేని చోట నిలిచి గెలలు కోయును. 1911లో మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్న పాలేరును నాటకమునకు నాయకునిగా నిలిపినపుడు ఆంధ్రసాహిత్యము ఆలస్యముగానైనను ఒక ఋణము తీర్చుకొనసాగినది. మన పూజావిధానము ఆ ఋణమును ఇంకను గుర్తింపవలసియున్నది. కులముచేతను పేదరికముచేతను ఎండకు అప్పగింపబడినవారి నలుపునే మనము తరతరములుగా నిందాపదముగా వాడితిమి. వారి చెంపమచ్చలకు ఏ లేజరును వెలుగదు.

మహాభారతమున ఆనుశాసనికపర్వములో రేణుక కథ కలదు. జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున జమదగ్ని వినోదమునకై బాణములు వేయుచుండగా, రేణుక పరుగెత్తి వానిని ఏరి తెచ్చుచుండెను. తలయు పాదములును కాలుచుండుటచే ఆమె ఒక చెట్టునీడ క్షణకాలము నిలిచి, ఆలస్యముగా వచ్చి కారణము చెప్పగా, ముని సూర్యునిపైననే విల్లెక్కుపెట్టెను. సూర్యుడు బ్రాహ్మణరూపమున దిగివచ్చి, లోకమునకు తన తాపము వలయు కారణమును వివరించి, తలకు గొడుగును, పాదములకు పాదుకలను ఆయన చేతికిచ్చెను. ఛత్రపాదుకాదానములకు ఇదియే మూలమని భీష్ముడు ధర్మరాజునకు చెప్పెను. ఈ కథలో సూర్యుడు ప్రకాశించుట మానలేదు. ఓర్చుకొమ్మని రేణుకకు నీతులు చెప్పలేదు. ఆమె మేనిరంగును మార్చలేదు. నీడ నిచ్చెను. కాలినచోటికి వైద్యము తరువాతిమాట. కాలకుండ కాచుట దేవుడే స్వయముగా దిగివచ్చి నేర్పిన ధర్మము. కావున మొదటి ప్రశ్నకు నా సమాధానమిది: ఎండ చేసిన గాయమును, మంగును, మచ్చను, విద్యావంతుడగు వైద్యుని చేతిలో మితమగు వెలుగుచే మాన్పించుకొనువాడు సూర్యద్రోహి కాడు, తల్లిదండ్రులిచ్చిన వన్నెను అవమానముగా నెంచి చెరపబూనువాడును, చెరపుకొమ్మని పిల్లను తొందరపెట్టువాడును ఛాయాపుత్రునికి ఎన్ని కుండల నూనెపోసినను భక్తుడు కాడు.

వైశాఖమున పుణ్యార్థమై గొడుగును, పాదుకలను పురోహితునకు దానమిచ్చెడి అమలాపురము, రాజోలు, కొత్తపేట రైతుకుటుంబములకు నాదొక విన్నపము. ఈ యేడు ఇంకొక గొడుగును, మెడను కప్పునట్టి ఒక పలుచని నూలుగుడ్డను కొని, మీ చేలో పనిచేసిన స్త్రీకి, ఆమె పేరుపెట్టి పిలిచి, చేతికిండు. దాళ్వా కోతలకు పిలిచినపుడు గట్టున ఒక తాటాకుపందిరి వేయించి, త్రాగునీరుంచి, నడిమధ్యాహ్నపు గంటలలో కూలి తగ్గింపక వారిని ఆ నీడను కూర్చుండనిండు.